మన పార్టీలకు డబ్బెవరిచ్చారు? ఎన్నికల సంఘం విరాళాల సమాచారం వాడి చూస్తే

ఓటరుకు ఉచితంగా అందే ప్రభుత్వ సేవల్లో ఎక్కువ మందికి తెలియనిది ఒకటుంది. పార్టీలకు విరాళాలిచ్చిన వారి వివరాలు కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. లాగిన్ అక్కర్లేదు, ఫీజు లేదు. కాంట్రాక్టు కంపెనీలు, మందుల కంపెనీలు, ఆసుపత్రులు, లాటరీ సంస్థలు తెలుగు రాష్ట్రాల పార్టీలకు ఎంతెంత ఇచ్చాయో తెలుసుకోవడానికి ఇదే మూలం. పత్రికల్లో వచ్చే పట్టికలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

సేవ ఒక్కటే అయినా లోపల నాలుగైదు వేర్వేరు అరలున్నాయి. ఒక్కో అరకు ఒక్కో చట్టం, ఒక్కో గడువు, ఒక్కో రకం లోపం. అన్నిటికీ కలిపి ఒకే మార్కు వేస్తే చదివేవారికి ఉపయోగం ఉండదు కాబట్టి ఒక్కో అర విడిగా తెరుద్దాం. ముందుగా ఒక మాట: అత్యుత్తమంగా ఉన్న అర సుప్రీంకోర్టు బలవంతం మీద తెరుచుకున్నది. మిగిలినవి ఫైళ్లు పడేసిన గదుల్లా ఉన్నాయి.

బాండ్ల జాబితాలు: 5కి 4

ఎలక్టోరల్ బాండ్లంటే పార్టీకి విరాళంగా ఇవ్వడానికి బ్యాంకులో కొనే పత్రాలు. ఆ పథకం 2018 జనవరి 2న నోటిఫై అయింది. స్టేట్ బ్యాంకు ఎంపిక చేసిన శాఖల్లోనే బాండ్లు అమ్మేవారు. విలువలు ఐదు రకాలు: వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి. కొన్న 15 రోజుల్లోపు పార్టీ తన ఖాతాలో వేసుకోవాలి. లేకపోతే ఆ సొమ్ము ప్రధానమంత్రి సహాయనిధికి పోతుంది. ఎవరు ఎవరికిచ్చారో బ్యాంకుకు తెలుసు, ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకాన్ని కొట్టేసి వివరాలు బయటపెట్టమంది. స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది, కోర్టు ఇవ్వలేదు. మార్చి 14న ఎన్నికల సంఘం మొదటి జాబితాలు పెట్టింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మార్చి 14 నాటి ఫైళ్లు దించుకుని లెక్కలు మొదలుపెడతారు. వాటిలో కొన్నవారి పేరు, తేదీ, విలువ ఒక ఫైల్లో, డబ్బు తీసుకున్న పార్టీ, తేదీ, విలువ మరో ఫైల్లో ఉంటాయి. రెంటినీ కలిపే తాడు లేదు. కోర్టు మార్చి 18న మళ్లీ గట్టిగా చెప్పాక, బాండు నంబర్లతో సహా పూర్తి వివరాలు మార్చి 21న వచ్చాయి. మీరు వాడాల్సింది 21వ తేదీ ఫైళ్లే. ఎన్నికల సంఘం సైట్‌లో ఎలక్టోరల్ బాండ్ల వెల్లడి పేజీకి వెళితే తేదీలవారీగా కనిపిస్తాయి.

కొనుగోలు ఫైల్లో 18,871 వరుసలు, నగదు చేసుకున్న ఫైల్లో 20,421 వరుసలు. రెండూ పీడీఎఫ్‌లే. సెర్చ్ పెట్టె లేదు, పార్టీవారీ మొత్తాలు లేవు, రాష్ట్రంవారీ వడపోత లేదు. ఎక్సెల్‌లోకి లాగక తప్పదు. అప్పుడు మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది, ప్రతి పేజీలోనూ తలవరుస మళ్లీ ఉంటుంది. వాటిని తీసెయ్యకపోతే మొత్తాలు తప్పుతాయి. రెండోది, విలువ కామాలతో అక్షరాల రూపంలో వస్తుంది. 1,00,00,000 అన్నది ఎక్సెల్‌కు అంకె కాదు, కామాలు తీసి అంకెగా మార్చాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం: బాండు నంబరు ఒక్కటే చాలదు. ఒకే నంబరు కోటి బాండులోనూ, లక్ష బాండులోనూ ఉండొచ్చు. నంబరుకు ముందు వేరే గడిలో రెండక్షరాల గుర్తు ఉంటుంది. ఓసీ అంటే కోటి, టీఎల్ అంటే పది లక్షలు, ఓఎల్ అంటే లక్ష, టీటీ అంటే పదివేలు, ఓటీ అంటే వెయ్యి. ఆ గుర్తును, నంబరును అతికించి కొత్త గడి తయారుచేసుకోవాలి. రెండు ఫైళ్లలోనూ ఆ గడి ద్వారానే జత కలపాలి. గుర్తు వదిలేసి నంబరుతోనే జత కలిపితే పదివేల బాండు కొన్న వ్యక్తి కోటి రూపాయల దాతగా తేలే ప్రమాదముంది. అలాంటి తప్పు పట్టికను ఒక్కసారి వాట్సాప్‌లోకి వదిలితే వెనక్కి తీసుకోలేం.

జత కలిపాక మన వైపు లెక్క ఇలా వస్తుంది. 2019 ఏప్రిల్ 12 నుంచి నగదు చేసుకున్న బాండ్లలో బీఆర్ఎస్‌కు దాదాపు 1,214 కోట్లు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్ల పైచిలుకు, జనసేనకు 21 కోట్లు. దేశం మొత్తం మీద బీజేపీ 6,060 కోట్లు, తృణమూల్ 1,609 కోట్లు, కాంగ్రెస్ 1,421 కోట్ల తర్వాత నాలుగో స్థానం బీఆర్ఎస్‌దే. ప్రధానంగా ఒక్క రాష్ట్రంలో ఉన్న పార్టీకి ఈ స్థాయి. సీపీఐ, సీపీఎం బాండ్లు తీసుకోలేదు.

ఈ అంకెలకు ఒక కొలబద్ద అవసరం. తెలంగాణ అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. 119 స్థానాలకూ లెక్కేస్తే ఒక పార్టీ అభ్యర్థులందరి చట్టబద్ధ ఖర్చు 47 కోట్ల 60 లక్షలు దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలకు అదే లెక్కన 70 కోట్లు. పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. దాతల సొమ్ము పనిచేసేది ఆ ఖాళీలోనే.

కొన్నవారి వైపు చూస్తే, అందరికంటే ఎక్కువ కొన్నది కోయంబత్తూరు లాటరీ సంస్థ ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. జత కలిపితే మేఘా బాండ్లలో దాదాపు 584 కోట్లు బీజేపీకి, 195 కోట్లు బీఆర్ఎస్‌కు, 85 కోట్లు డీఎంకేకు చేరాయి. ఫ్యూచర్ గేమింగ్ బాండ్లలో దాదాపు 154 కోట్లు వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లాయి. కంపెనీ ఒక్క పేరుతో వెతికి ఆగిపోతే లెక్క తగ్గుతుంది. మేఘా సమూహానికి చెందిన వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ అనే కంపెనీ వేరేగా 220 కోట్ల బాండ్లు కొంది. పేరులో తెలుగు వాసన కూడా లేదు. అందుకే అనుబంధ కంపెనీల జాబితా ముందు రాసుకుని తర్వాత వెతకాలి.

ఇంత పని ఓటరు మీద వేసినా నాలుగు మార్కులు ఇవ్వడానికి కారణముంది. ఎవరు, ఎవరికి, ఏ రోజు, ఎంత అన్న నాలుగు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెప్పే జాబితా మన దేశంలో ఇంతకు ముందు లేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఎన్నికల తేదీల పక్కన పెట్టి చూడండి

బాండ్ల జాబితాను తెలంగాణ 2023 ఎన్నికలకు వాడితే చాలా బాగా పనిచేస్తుంది. షెడ్యూలు 2023 అక్టోబర్ 9న వచ్చింది, పోలింగ్ నవంబర్ 30న జరిగింది, ఫలితాలు డిసెంబర్ 3న వచ్చాయి. బాండ్లు అమ్మిన రోజులు అక్టోబర్ 4 నుంచి 13 దాకా, మళ్లీ నవంబర్ 6 నుంచి 20 దాకా. పథకం మొదట పెట్టినప్పుడు మామూలు సంవత్సరాల్లో జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో పదేసి రోజులే అమ్మకం. అసెంబ్లీ ఎన్నికలున్న ఏడాదిలో అదనంగా 15 రోజులు అమ్ముకోవచ్చని 2022 నవంబర్‌లో సవరించారు. నవంబర్ విడత అలా ప్రచారం నడిమధ్యలో పడింది.

చేయాల్సింది ఇంతే. నగదు చేసుకున్న ఫైల్లో తేదీని 2023 నవంబర్ 6 నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా వడకట్టండి. 20వ తేదీన కొన్న బాండుకు కూడా ఆ 15 రోజుల గడువు సరిపోతుంది. తర్వాత పార్టీ పేరుతో వడకట్టి, గుర్తు కలిపిన నంబరుతో కొన్నవారి పేర్లు తెచ్చుకోండి. తేదీని కూడా ఎక్సెల్ అక్షరాలుగానే చదివే అవకాశముంది. వడపోతకు ముందు దాన్ని తేదీగా మార్చాలి, లేకపోతే అక్షరక్రమంలో వరుస పెట్టి ఏప్రిల్‌ను నవంబర్ పక్కన కూర్చోబెడుతుంది. జాతీయ పార్టీల విషయంలో ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. కాంగ్రెస్‌కు, బీజేపీకి వచ్చిన డబ్బు జాతీయ ఖాతాలో పడుతుంది. అదే నెలల్లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంలలో కూడా ఎన్నికలు జరిగాయి. ఏది తెలంగాణకు వచ్చిందో ఈ ఫైలు చెప్పదు. ప్రాంతీయ పార్టీలకే ఈ పద్ధతి శుభ్రంగా కుదురుతుంది.

ఆంధ్రప్రదేశ్ ఓటరుకు మాత్రం ఇదే జాబితా సరిగ్గా కావాల్సిన చోట చేతులెత్తేస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు పోలింగ్ జరిగింది ఏప్రిల్ 11న. జాబితా మొదలయ్యేది ఏప్రిల్ 12న. ఒక్క రోజు తేడా. ఆ తేదీని ఎవరూ మన కోసం ఎంచుకోలేదు. పార్టీలు వివరాలు సీల్డు కవర్లో ఇవ్వాలని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది 2019 ఏప్రిల్ 12న, తుది తీర్పు దాన్నే మొదలుగా తీసుకుంది. ఫలితం మాత్రం మనకు తగిలింది. పోలింగ్‌కు ముందు కొన్న బాండ్ల దాతల పేర్లు కొనుగోలు ఫైల్లో లేవు. వాటిలో కొన్నిటిని పార్టీలు 12వ తేదీనో, ఆ తర్వాతో జమ చేసుకున్నాయి. అందుకే 2019 ఏప్రిల్ వరుసలు కొన్ని పార్టీ పేరుతో ఉంటాయి, దాత పేరు దొరకదు. నగదు చేసుకున్న ఫైల్లో వరుసలు ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. జత కుదరని వరుస కనిపించగానే మీ ఎక్సెల్ సూత్రంలో తప్పుందని కంగారుపడకండి, ముందు తేదీ చూడండి.

2024లో పథకమే ఫిబ్రవరిలో ఆగిపోయింది, ఆంధ్రప్రదేశ్ పోలింగ్ మే 13న జరిగింది. అంటే రెండు అసెంబ్లీ ఎన్నికల అసలు ప్రచార రోజులూ ఈ కిటికీ బయటే పడ్డాయి. తెలంగాణ 2018 డిసెంబర్ ఎన్నికలూ అంతే.

పేర్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వైఎస్సార్ కాంగ్రెస్ పేరు జాబితాలో యువజన శ్రామిక రైతు అన్న విస్తరణతో సహా ఉంటుంది. పూర్తి పేరు సరిపోలాలని వెతికితే దొరకదు, మధ్యలో ఒక మాటతో వెతకాలి. కొన్నవారిలో వ్యక్తులూ ఉన్నారు. వారి పేరు తప్ప చిరునామా గానీ, పాన్ గానీ లేదు. ఖాతా, కేవైసీ వివరాలను భద్రత కారణాలతో బ్యాంకు బయటపెట్టలేదు. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్న వెంకటేశ్వరరావులు, శ్రీనివాసరెడ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని వేల మంది ఉంటారో చెప్పనక్కర్లేదు. పేరు కలిసింది కదా అని ఫలానా ఎమ్మెల్యే బావమరిది అని రాయడం అన్యాయం. మరో ఆధారం దొరికే దాకా వ్యక్తుల పేర్లు పక్కన పెట్టండి, కంపెనీల మీదే పనిచేయండి.

ఇచ్చారు, పొందారు అని ఎప్పుడు అనొచ్చు?

దాదాపు అందరూ తొందరపడే చోటు ఇది. బాండు తేదీ పక్కన కాంట్రాక్టు తేదీ పెట్టగానే కథ తయారైపోతుంది. కానీ నాలుగు తేదీలు కావాలి: టెండరు పిలిచిన రోజు, పని అప్పగించిన రోజు, బాండు కొన్న రోజు, పార్టీ జమ చేసుకున్న రోజు. సంస్థపై ఐటీ, ఈడీ సోదాలు జరిగి ఉంటే ఆ తేదీ ఐదోది. కాళేశ్వరం ఎత్తిపోతల్లో మేఘా ప్రధాన కాంట్రాక్టరు. అయితే ఆ ప్రాజెక్టును 2019 జూన్ 21న ప్రారంభించారు. అసలు ప్రాజెక్టు పెద్ద ఒప్పందాలు అంతకు చాలా ముందువి, అంటే జాబితా మొదలవక ముందువి. తర్వాతి సంవత్సరాల బాండును ఆ ఒప్పందానికి ముడిపెట్టాలంటే వేరే పత్రాలు కావాలి. పోలవరం పనులు 2019 చివర్లో రివర్స్ టెండరింగ్‌లో అదే కంపెనీకి వెళ్లాయి. ఆ తేదీ జాబితా కాలంలోనే ఉంది కాబట్టి పోల్చి చూడొచ్చు. అయినా తేదీలు దగ్గరగా ఉండటం ప్రశ్న అడగడానికి సరిపోతుంది, నేరం మోపడానికి సరిపోదు. బాండ్లపై ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 2న తిరస్కరించింది. మామూలు చట్టపరమైన మార్గాలున్నాయని చెప్పింది.

ఒకే కంపెనీ అధికార పక్షానికీ, ప్రతిపక్షానికీ ఇవ్వడం ఈ ఫైళ్లలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మేఘా ఇచ్చిన పార్టీల్లో బీఆర్ఎస్ ఉంది, కాంగ్రెస్ ఉంది, తెలుగుదేశం ఉంది, వైఎస్సార్ కాంగ్రెస్ ఉంది. ఎవరు గెలిచినా తమ తలుపు మూసుకోకుండా చూసుకోవడం అన్నమాట. ప్రభుత్వం మారగానే కాంట్రాక్టర్లు మారతారని నమ్మే ఓటరు ఈ ఒక్క వడపోత చేసి చూడాలని మా కోరిక.

ఎలక్టోరల్ ట్రస్టులు: 5కి 2

బాండ్లు పోయాక పెద్ద కంపెనీల డబ్బు మళ్లీ ట్రస్టుల దారి పట్టింది. ఇది 2013 నాటి పథకం. కంపెనీలు ట్రస్టుకిస్తాయి, ట్రస్టు పార్టీలకిస్తుంది. ఏడాదిలో వచ్చిన దానిలో కనీసం 95 శాతం ఆ ఏడాదే పంచాలి. ట్రస్టు ఏటా ఎన్నికల సంఘానికి నివేదిక ఇస్తుంది, అది సైట్‌లో పెడతారు. దాతల పేర్లు ఉంటాయి, పార్టీల పేర్లు ఉంటాయి. ఏ దాత డబ్బు ఏ పార్టీకి వెళ్లిందో ఉండదు. అన్ని నీళ్లూ ఒకే చెరువులో కలిపి తూముల్లోంచి వదిలినట్టు.

2022-23లో ట్రస్టులన్నీ కలిసి పంచిన 366 కోట్లలో బీజేపీకి 259 కోట్లు, బీఆర్ఎస్‌కు 90 కోట్లు వెళ్లాయి. అంటే దేశం మొత్తం ట్రస్టు డబ్బులో దాదాపు నాలుగో వంతు ఒక్క ప్రాంతీయ పార్టీకి. అదే ఏడాది ట్రస్టులకు ఎక్కువ ఇచ్చిన దాత మేఘా, 87 కోట్లు. చెరువులో ఎవరి నీళ్లు ఎటు పోయాయో కనిపెట్టే ఉపాయం ఒకటే, తేదీలు. ప్రూడెంట్ ట్రస్టు నివేదికలో దాత ఇచ్చిన తేదీ, పార్టీకిచ్చిన తేదీ రెండూ ఉంటాయి. రాయిటర్స్ వార్తా సంస్థ 2024లో ఇలాగే చూసింది. 2022 జులై 5, 6 తేదీల్లో మేఘా నుంచి ప్రూడెంట్‌కు 75 కోట్లు వచ్చాయి, జులై 7న ప్రూడెంట్ నుంచి బీఆర్ఎస్‌కు 75 కోట్ల చెక్కు వెళ్లింది. ఈ పని ఎవరైనా చేయొచ్చు. నివేదికలోని రెండు పట్టికలను ఒకే తేదీ గడి కింద కలిపి వరుస పెట్టండి. ముందు వచ్చిన మొత్తం, రెండు మూడు రోజుల తేడాలో అదే మొత్తం బయటికి పోతే పసుపు రంగు వేసుకోండి. మొత్తాలు సరిగ్గా కలవని చోట ఊహించకండి. ఒకే వారంలో ముగ్గురు దాతలు ఇచ్చి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు.

ఫారం 24ఏ: 5కి 2

ఒక దాత ఏడాదిలో 20,000 రూపాయలకు మించి ఇస్తే పార్టీ ఆ పేరు ఫారం 24ఏలో రాసి ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 29సీ సెక్షన్ చెప్పేది ఇదే. పేరు, చిరునామా, పాన్, మొత్తం, చెక్కా నగదా అన్న గడులుంటాయి. 2,000 మించిన నగదు విరాళం తీసుకుంటే పార్టీకి ఆదాయపు పన్ను మినహాయింపు పోతుంది కాబట్టి పెద్ద మొత్తాలన్నీ బ్యాంకు ద్వారానే కనిపిస్తాయి.

లోపం రూపంలోనే ఉంది. స్కాన్ చేసిన కాగితాలు, కొన్నిచోట్ల వంకరగా. వెతికే వీలు లేదు. పాన్ గడి ఖాళీగా ఉన్న వరుసలు తగులుతాయి. బీఆర్ఎస్ పాత ఫైళ్లు తెలంగాణ రాష్ట్ర సమితి పేరు కింద ఉంటాయి, 2022 చివర్లో పేరు మారింది. 2018 నుంచి 2024 మధ్య ఫారాల్లో బాండ్ల దాతలు ఉండరు, ఎందుకంటే 2017 సవరణ వాటిని 29సీ నుంచి మినహాయించింది. అది తెలియక 24ఏలో చిన్న మొత్తం చూసి ఈ పార్టీకి పెద్దగా విరాళాలే రాలేదని రాసేవారున్నారు.

ఈ ఫారాన్ని ఒంటరిగా చదవకూడదు. అదే సంవత్సరం ఆడిట్ నివేదిక పక్కన పెట్టుకోవాలి. ఆడిట్‌లో మొత్తం ఆదాయం ఉంటుంది. అందులోంచి 24ఏలో పేరున్న మొత్తం, బాండ్లు, బ్యాంకు వడ్డీ, సభ్యత్వ రుసుం తీసెయ్యండి. మిగిలింది 20,000 లోపు ముక్కలుగా వచ్చిన, పేరు లేని డబ్బు. ట్రస్టు సొమ్మును రెండోసారి తీసెయ్యకండి, ట్రస్టు పేరు 24ఏలో దాతగానే వస్తుంది. ఈ తీసివేతలో తేలే అంకె ఏ పత్రంలోనూ అచ్చయి ఉండదు, మీరే కట్టాలి. ఒకే పార్టీకి మూడు నాలుగేళ్లు వరుసగా కడితే ఎన్నికల ఏడాదిలో అది ఎంత ఉబ్బిందో తెలుస్తుంది.

ఎన్నికల కాలానికే ప్రత్యేకంగా ఇంకో పత్రముంది, పార్టీ ఎన్నికల ఖర్చు నివేదిక. అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో ఇవ్వాలి. షెడ్యూలు వచ్చిన రోజు ఖాతాలో ఎంత ఉంది, ఎన్నికలు ముగిసేలోపు ఎంత వచ్చింది, ఎంత పోయింది, చివరికి ఎంత మిగిలింది అన్నది ఇందులో ఉంటుంది. ప్రచార ప్రకటనలకెంత, స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాలకెంత, అభ్యర్థుల చేతికెంత అన్న పద్దులూ ఉంటాయి. పత్రికలు దీన్ని పెద్దగా పట్టించుకోవు. మాకు మాత్రం 24ఏ కంటే ఇదే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది.

కంపెనీ వైపు నుంచి సరిచూడటం

కంపెనీల చట్టం 182 సెక్షన్ ప్రకారం ఒక కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు. 2017లో ఆ పరిమితి తీసేశారు, పార్టీ పేరు రాయాలన్న నియమమూ తీసేశారు. 2024 తీర్పు ఆ మార్పులను కొట్టేసింది. మూడేళ్లు నిండని కంపెనీ, ప్రభుత్వ కంపెనీ ఎప్పుడూ ఇవ్వకూడదు.

కంపెనీ వయసు తెలుసుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. కంపెనీ గుర్తింపు సంఖ్యలో 21 అక్షరాలుంటాయి. మొదటి అక్షరం స్టాక్ మార్కెట్లో నమోదైనదా కాదా చెబుతుంది, తర్వాత ఐదు అంకెలు పరిశ్రమను, ఆ తర్వాత రెండక్షరాలు రాష్ట్రాన్ని, నాలుగంకెలు పుట్టిన సంవత్సరాన్ని చెబుతాయి. లాభాల లెక్క కావాలంటే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఒక్కో కంపెనీకి 100 రూపాయలు కట్టి వార్షిక లెక్కలు చూడొచ్చు. సమయం పరిమితంగా ఇస్తారు కాబట్టి ఏయే సంవత్సరాల పత్రాలు కావాలో ముందే రాసుకుని కూర్చోవాలి. లాభం చిన్నది, విరాళం పెద్దది అయితే అసలు దాత వెనకాల ఇంకెవరో ఉండొచ్చని అనుమానించడానికి అదే మొదటి గుర్తు. డైరెక్టర్ల పేర్లు, చిరునామా పోల్చితే సమూహం తేలుతుంది.

ప్రవాసులకు ఒక మాట. చాలా పార్టీలకు ఎన్ఆర్ఐ విభాగాలున్నాయి, అమెరికాలో, గల్ఫ్‌లో సభలు జరుగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన బ్యాంకు ఖాతా నుంచి పార్టీకి ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇవ్వకూడదు. ఓసీఐ కార్డు ఉన్నా చట్టం దృష్టిలో వారు విదేశీ పౌరులే. ప్రజాప్రాతినిధ్య చట్టం 29బీ సెక్షన్ విదేశీ మూలాల నుంచి విరాళం తీసుకోవడాన్ని నిషేధిస్తుంది.

అభ్యర్థి ఖర్చు పుస్తకం: 5కి 3

పార్టీ స్థాయి లెక్కలు మీ నియోజకవర్గం గురించి ఏమీ చెప్పవు. దానికి అభ్యర్థి ఖర్చు పుస్తకం చూడాలి. అందులో తెల్ల కాగితాలు రోజువారీ ఖర్చుకు, గులాబీ కాగితాలు నగదుకు, పసుపు కాగితాలు బ్యాంకు లెక్కకు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్ల దాకా అనర్హత వేటు పడొచ్చు.

దాతల కోసం చూసేవారు తిన్నగా చివరి పట్టికలకు వెళ్లాలి. ఏడో షెడ్యూలులో అభ్యర్థి సొంత డబ్బు, ఎనిమిదిలో పార్టీ ఇచ్చిన మొత్తం, తొమ్మిదిలో ఇతర వ్యక్తులు, కంపెనీలు ఇచ్చిన అప్పు, కానుక, విరాళం. ఇసుక, మద్యం, రియల్ ఎస్టేట్, ప్రైవేటు కళాశాలల వ్యాపారుల పేర్లు అధికారికంగా కనిపించే అవకాశమున్న చోటు ఆ తొమ్మిదోదే. అది ఖాళీగా ఉండి, ఏడో షెడ్యూలులో సొంత డబ్బు భారీగా ఉంటే నామినేషన్ నాటి అఫిడవిట్‌లో చేతి నగదు, బ్యాంకు నిల్వ ఎంత చూపారో పక్కన పెట్టి చూడండి. ఆ రోజు లేని డబ్బు నెలలో ఎక్కడి నుంచి వచ్చిందన్నది న్యాయమైన ప్రశ్న.

అఫిడవిట్లకైతే స్కాన్ కాపీల కంటే అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ నడిపే మైనేత సైట్ నయం. ఆస్తులు, కేసులు, ఆదాయం పట్టికల్లో ఉంటాయి, పాత ఎన్నికలతో పోల్చుకోవచ్చు. అభ్యర్థి స్వయంగా చెప్పుకున్న వివరాలే అవి, ఎవరూ తనిఖీ చేసినవి కావు. 2018 నుంచి అఫిడవిట్‌లో అభ్యర్థి, భార్య లేదా భర్త, ఆధారపడిన వారికి ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు కూడా రాయాలి. కాంట్రాక్టరే అభ్యర్థి అయినప్పుడు చూడాల్సిన గడి అది. కొందరు వర్తించదు అని రాసి వదిలేస్తారు. కుటుంబ కంపెనీ పేరు తెలిసి ఉంటే ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్‌లోని టెండరు ఫలితాలతో సరిచూడొచ్చు.

ఖర్చు పుస్తకంలో ధరలు నమ్మశక్యంగా లేవనిపిస్తే రెండు పత్రాలు అడగండి. జిల్లా అధికారి నోటిఫై చేసిన ధరల పట్టికలో కుర్చీ అద్దె నుంచి భోజనం ప్యాకెట్ దాకా రేట్లుంటాయి. షాడో అబ్జర్వేషన్ రిజిస్టర్‌లో పరిశీలకుల బృందాలు సభల వీడియోలు చూసి కట్టిన లెక్క ఉంటుంది. అభ్యర్థి లెక్కకూ దీనికీ తేడా వచ్చిన చోట నోటీసు, జవాబు కూడా అదే ఫైల్లో ఉండాలి.

ఈ పుస్తకాలు ఆన్‌లైన్‌లో పెట్టడం జిల్లాను బట్టి మారుతుంది, సారాంశం ఒక్కటే పెట్టి వదిలేసే చోట్లున్నాయి. అలాంటప్పుడు కలెక్టరేట్ ఎన్నికల విభాగానికి వెళ్లాలి. ఎన్నికల నిర్వహణ నియమాలు 1961లోని 88వ నియమం ప్రకారం ఒక్క రూపాయి రుసుం కట్టి ఎవరైనా ఏ అభ్యర్థి లెక్కనైనా చూడొచ్చు, నిర్ణయించిన రుసుంతో ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. లెక్క అందిన రెండు రోజుల్లో చూసే చోటు, సమయం నోటీసు బోర్డు మీద పెట్టాలి. కౌంటర్లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోండి అంటే 88వ నియమం పేరు చెప్పి, దరఖాస్తు తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. సమాచార హక్కు కింద 30 రోజులు ఆగాల్సిన పని ఆ రోజే అవుతుంది.

మీకు కావాల్సింది ఒక్క నియోజకవర్గమైతే అక్కడి నుంచే మొదలుపెట్టండి. రాష్ట్రస్థాయి కంపెనీలైతే మార్చి 21 ఫైళ్లు, 2024 ఏప్రిల్ తర్వాతి సంగతులైతే ట్రస్టుల నివేదికలు.